వీధిలోకి కొత్త మనిషి వస్తే

వెనకటి ఊళ్ళలో కొత్త మనిషిని ముందు చెవితో గుర్తుపట్టేవాళ్ళు. కంటితో చూడటం ఆ తర్వాత. వీధి మలుపు తిరగకముందే వచ్చేదెవరో వంటింట్లో ఉన్న ఆడవాళ్ళకి తెలిసిపోయేది. శంఖం ఊది గంట మోగిస్తే జంగమదేవర. సన్నాయీ డోలూ కలిసి వినిపిస్తే గంగిరెద్దులవాళ్ళు. చిడతల చప్పుడూ కాలి గజ్జెలూ ఒకే లయలో వస్తుంటే హరిదాసు. తెల్లారగట్ల, ఇంకా కోడి కూయకముందే, బుడబుడమని చిన్న వాద్యం మోగితే బుడబుక్కలవాడు. "సోదమ్మా సోదీ" అని సాగదీసిన గొంతైతే ఎరుకలసాని. ఆ శబ్దమే వాళ్ళ గుర్తింపు కార్డు. ఏ శబ్దమూ చెయ్యకుండా వీధిలోకి వచ్చినవాడి మీదే అందరి కళ్ళూ పడేవి.

ఈ మధ్య ఎక్కడ చూసినా "అనుమానాస్పద వ్యక్తులు తిరుగుతున్నారు, జాగ్రత్త" అన్న మాటే. ఆ మాటతో ఫోన్లలో తిరిగే ఫొటోల్లో ఉన్నవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మాసిన గడ్డం, జోలె, రంగు తలపాగా. ముప్ఫై నలభై ఏళ్ళ కిందటైతే ఆ బట్టలు చూసి ఎవరో, ఏ పని మీద వచ్చారో పిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఇప్పుడు అదే బట్ట వాళ్ళ మీద దెబ్బలు పడటానికి కారణమవుతోంది. ఆ తెలివిడి ఊళ్ళలో ఎలా ఉండేదో, దానిలో మంచేమిటో చెడేమిటో, గుర్తున్నవాళ్ళు రాసి పెట్టకపోతే పోతుంది.

ముందు చెప్పుకోవాల్సింది రాకపోకల కాలం. సంచార కులాలవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్ళు కాదు. ఖరీఫ్ వరి కోతలయ్యి, కళ్ళాలు తొక్కి, ధాన్యం గాదెకెక్కాక వచ్చేవాళ్ళు. ధనుర్మాసం మొదలు శివరాత్రి దాకా ఊళ్ళలో వాళ్ళ సందడే. కారణం తేలిక: అప్పుడు ఇంట్లో గింజ ఉంటుంది, ఇల్లాలి చెయ్యి ధారాళంగా ఉంటుంది. చేటెడు వడ్లు పోసినా లెక్క చూసుకోదు. ఆషాఢంలో, నారుమళ్ళు పోసి వానకోసం ఎదురుచూసే రోజుల్లో, ఎవరింట్లోనూ మిగులుండదు. అప్పుడు ఊరికి వచ్చినవాడు దేనికి వచ్చాడన్న ప్రశ్న వెంటనే లేచేది. అంటే ఊరు వేషాన్ని ఒక్కదాన్నే చూసేది కాదు, వేషమూ కాలమూ కలిశాయా లేదా అని చూసేది. హరిదాసు మాఘంలో వచ్చినా, గంగిరెద్దు జ్యేష్ఠంలో వచ్చినా "ఇదేం కాలం?" అని అడిగేవాళ్ళు. జవాబు కూడా ఉండేది. ఎద్దు జబ్బుపడిందనో, ఇంట్లో పెళ్ళి ఉందనో.

రెండోది బస. వచ్చిన కుటుంబాలు చెరువుగట్టు దగ్గరో, చింతతోపులోనో, ఊరి చివర మర్రికిందో దిగేవి. గాడిదలమీదనుంచి సామాను దించి, తాటాకు చాపలతోనో గోనెపట్టాలతోనో గుడిసె కట్టేలోపు పెద్దాయన ఒక్కడే ఊళ్ళోకి నడిచి వెళ్ళేవాడు. తిన్నగా మునసబు దగ్గరికి. ఎక్కడినుంచి వచ్చాం, ఎన్ని గుడిసెలం, ఎన్నాళ్ళుంటాం, తర్వాత ఏ ఊరు వెళతాం, అన్నీ అక్కడ చెప్పాలి. కరణం ఉంటే కాగితమ్మీద పెట్టుకునేవాడు. రాత్రికి తలారి చేతికర్ర పట్టుకుని ఓసారి గుడిసెల వైపు వెళ్ళి పలకరించి వచ్చేవాడు. పలకరింపే, నిఘా కూడా అదే. అయితే దాంతో ఇంకో పని జరిగేది. ఎవరింట్లోనైనా చెంబు పోయిందంటే "వాళ్ళే" అని ఊరు ఎగబడకముందే, ఆ మనుషుల పేర్లూ లెక్కా తెలిసినవాడు ఒకడు మధ్యలో ఉండేవాడు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఊరికి వచ్చిన కొత్తవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళి పేరు చెప్పుకోవాలో ఆ గడప మాత్రం లేకుండా పోయింది, దాని స్థానంలో ఇంకోటి రాలేదు.

ఇక అరుగుల మీది విచారణ. దానికో క్రమం ఉండేది. ముందు "ఏ ఊరు బాబూ?" తర్వాత "ఎవరి తాలూకు?" ఆపైన ఇంటిపేరు. ఇంటిపేరు చెప్పగానే ఆ ఊళ్ళో తమకు తెలిసినవాళ్ళ పేరొకటి లాగేవాళ్ళు. "మీ ఊళ్ళో రామాలయం పక్కన పెద్దరాయుడి ఇల్లుండాలే, ఆయన బాగున్నాడా?" పోయినవాడి గురించి బాగున్నాడా అని అడగడం ఒక ఎత్తు. "ఆయన పోయి మూడేళ్ళయిందండీ" అని జవాబొస్తే మనిషి నిజం. "ఆఁ, బాగానే ఉన్నారు" అంటే ముసలాయన ఇంకేం అనకుండా చుట్ట దులిపేవాడు, పక్కనున్న కుర్రాడు తలారిని పిలవడానికి లేచేవాడు. చెయ్యి చేసుకోవడం లేదు, అరుపుల్లేవు. ఇదంతా ఒక్క గొంతే అడిగేది. మిగతావాళ్ళు వినేవాళ్ళు.

అయితే ఈ విచారణలో ఒక చీకటి కోణం ఉంది, దాన్ని దాచి పాతకాలాన్ని పొగడటం తప్పు. ఇంటిపేరు అడగడంలో సగం కులం కోసం. జవాబునిబట్టి ఆ మనిషి అరుగెక్కి కూర్చోవాలో, వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాలో తేలేది. దాహమంటే ఒకరికి గ్లాసుతో ఇచ్చేవాళ్ళు, ఇంకొకరికి దోసిట్లో పైనుంచి పోసేవాళ్ళు. వంగి, మోచేతులు దగ్గరపెట్టి, ముంజేతులమీదుగా నీళ్ళు కారిపోతుంటే గుటకలు వేసే ఆ భంగిమ చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. మనిషిని చూపునుబట్టి తూచడం అంటే ఇదే. ఊరు కొత్తవాణ్ణి నమ్మినా, ఆ నమ్మకం మెట్టుమెట్టుకీ వేరుగా ఉండేది.

పిల్లలకు అందరికంటే భయం బుడబుక్కలవాడంటే. రూపమే అలా ఉండేది. తలకు పెద్ద పాగా, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు, భుజాలమీద రంగురంగుల పాత శాలువలూ కోట్లూ ఒకదానిమీద ఒకటి, చంకన జోలె. చేతిలోది డమరుకంలాంటి చిన్న వాద్యం. ఆ వాద్యం నడుముకు కట్టిన రెండు తాళ్ళ చివర ముడులుంటాయి. మణికట్టు అటూ ఇటూ తిప్పితే ఆ ముడులు రెండు వైపులా చర్మానికి తగిలి బుడబుడ మోగుతుంది. రాత్రి శ్మశానంలో గడిపి, పిట్ట మాట విని, ఆ జోస్యం తెల్లవారకముందే వీధిలో చెప్పుకుంటూ పోవడం అతని వృత్తి. "అంబ పలుకు, జగదంబ పలుకు" అనే గొంతు చీకట్లో ఇంటి ముందు ఆగితే లోపల మంచాలమీద ఎవరూ కదిలేవాళ్ళు కాదు. తలుపు తీయకూడదని వాడుక. తెల్లారాక, ఎండెక్కాక, అదే మనిషి మళ్ళీ వచ్చేవాడు, ఈసారి ధర్మం కోసం. డబ్బు కంటే పాత బట్టలే ఎక్కువ అడిగేవాడు. పనికొచ్చేవి ఉతికి కుట్టుకునేవాళ్ళు, చిరిగినవి బొంతల్లోకి పోయేవి. రాత్రి భయపెట్టిన మనిషే పగలు వాకిట్లో నిలబడి, "ఈ చొక్కా మా బుడ్డోడికి సరిపోద్దమ్మా" అని సంతోషపడటం చూశాక పిల్లల భయం సగం దిగేది. అదీ ఆ రెండోసారి రావడం వల్ల జరిగే మేలు. భయపెట్టిన ముఖాన్ని వెలుగులో చూసే అవకాశం దొరికేది.

మిగతా సగం భయం మాత్రం పెద్దవాళ్ళే నిలబెట్టేవాళ్ళు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తా, ఏడిస్తే జోలెవాడికిచ్చేస్తా, మధ్యాహ్నం బయట తిరిగితే సంచిలో వేసుకుపోతారు. ఎక్కడైనా వంతెనో ఆనకట్టో కడుతున్నారంటే పునాదిలో పిల్లల్ని బలిస్తారన్న పుకారు దాని వెంటే వచ్చేది. ఇనుపచువ్వలూ సిమెంటూ కలిసి నిలబెట్టే స్తంభానికి రక్తం దేనికని ఎవరూ అడగలేదు. ఆ పుకారు పట్టుకున్న రోజుల్లో వీధిలోకొచ్చిన ప్రతి జోలె వంకా తల్లులు వేరేగా చూసేవాళ్ళు. చిన్నప్పుడు అన్నం ముద్దతో కలిపి తినిపించిన ఆ భయం పెద్దయ్యాక ఎక్కడికీ పోదు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే బయటికొస్తుంది.

ఎరుకలసాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనం వాళ్ళను చూపుతో తూచినట్టే ఆమె మనల్ని తూచేది, మనకంటే చాలా నేర్పుగా. చంకన గంప, చేతిలో కర్ర, నుదుట పెద్ద బొట్టు. అడిగేది చేటలో గిద్దెడు బియ్యం, పైన ఒక నాణెం. "కంచి కామాక్షి పలుకు, మధుర మీనాక్షి పలుకు, కాశీ విశాలాక్షి పలుకు" అంటూ దేవతలను పిలిచేలోపు ఆమె కళ్ళు ఇల్లంతా తిరిగేవి. వాకిట్లో ముగ్గు ఉందా? పండగ నెలలో ముగ్గు లేదంటే ఆ ఇంట్లో ఏటిసూతకం ఉండొచ్చు. గడపకు పసుపు కొత్తదా పాతదా? దూలానికి ఉయ్యాల తాడు కట్టి ఉందా, ఉత్త కొక్కేలే ఉన్నాయా? చెయ్యి చాచిన అమ్మాయి నల్లపూసలు కొత్తవా? పశువులపాకలో గాట్లు ఎన్ని, పశువులు ఎన్ని? గాట్లు నాలుగుండి పశువులు రెండే ఉంటే ఆ ఇంట్లో అప్పుంది. ఇన్నీ చూసి, "నీ మనసులో ఒకటుంది తల్లీ, ఎవరికీ చెప్పుకోలేకపోతున్నావు" అని మొదలుపెడితే, ఇల్లాలు కొంగుతో కళ్ళొత్తుకునేది. ఆ మాట ఏ ఇంటికైనా వర్తిస్తుంది, నిజమే. కానీ వీధి అంతటికీ తెలియని దిగులును ఒక పరాయి మనిషి పావుగంటలో పసిగట్టి, కూర్చుని, చెయ్యి పట్టుకుని మాట్లాడేది. ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరున్నారు? సోది నిజమా అబద్ధమా అన్న వాదన కంటే నాకు ఆ చూపే విలువైనదిగా కనిపిస్తుంది.

వేషం మీద ఆధారపడి మనిషిని నమ్మడం ఎంత బలహీనమో ఊరికి పాఠం చెప్పినవాళ్ళు పగటివేషగాళ్ళు. మిగతా నాటకాలు రాత్రిపూట, దీపాల వెలుగులో, ఎత్తు మీద ఆడతారు. వీళ్ళు పట్టపగలు వీధిలో, చూసేవాడి ఎదట చెయ్యి అందేంత దూరంలో ఆడాలి. కాబట్టి రంగు దగ్గర మోసం కుదరదు. ముఖానికి అర్దళం నూరి పూసేవాళ్ళు, అది పసుపుడాలు ఇచ్చి ఎండలో మెరుస్తుంది. తెలుపుకు సఫేదా, ఎరుపుకు ఇంగిలీకం, కళ్ళకు కాటుక. గడ్డాలకు జనపనార. చెమటకు రంగు కరిగే చోట్లు, అంటే ముక్కు పక్కలు, పై పెదవి, మెడ, మళ్ళీ మళ్ళీ అద్దుకోవాలి. అందుకే ఎండ ముదరకముందే పొద్దున ఒక విడత తిరిగేవాళ్ళు.

వాళ్ళ పద్ధతి ఇది. మేళం ఊరికి రాగానే పెద్దల దగ్గర అనుమతి తీసుకుంటుంది. రోజుకో వేషం. ఒకరోజు బైరాగి, ఒకరోజు సోమయాజులూ సోమిదేవమ్మా, ఒకరోజు సింగీ సింగడూ, ఒకరోజు అధికారి. హార్మోనియం, మద్దెల, తాళాలు వెంట ఉంటాయి. ఏ రోజుకారోజు డబ్బు అడగరు. అన్ని వేషాలూ అయ్యాక చివరి రోజు ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకుంటారు. ఈ చివరి రోజు ఏర్పాటు వల్ల ఒక సొగసు ఉండేది. వారం పదిరోజులు ఊరిని ఏడిపించి, నవ్వించి, బెదిరించిన ముఖాలన్నీ ఒకే మనిషివని ఆరోజు తేలుతుంది.

వాళ్ళ వేషాల్లో తలమానికం అర్ధనారీశ్వరం. ఒకే మనిషి, ముఖం నిట్టనిలువునా రెండు. ఒక వైపు విభూతి, సగం మీసం, జటలు, పులితోలు. మరో వైపు పసుపు, ముక్కెర, జడ, చీర. ముఖం మధ్యగీత దగ్గర గుడ్డ తెర ఒకటి పట్టుకుంటాడు. తెర కుడివైపుకు జరిగితే పార్వతి, ఎడమవైపుకు జరిగితే శివుడు. గొంతు కూడా దాంతోపాటే మారాలి. తెర ముందు జరిగి గొంతు ఆలస్యంగా మారితే వేషం చెడినట్టే. కింద సగం ఇంకా కష్టం. ఒక కాలిది గజ్జె అడుగు, ఇంకో కాలిది మెట్టెల అడుగు. పక్కనుంచి నడిచి వస్తున్నవాళ్ళకు ఆడమనిషి కనిపిస్తుంది, దాటి వెనక్కి తిరిగి చూస్తే మగవాడు.

అధికారి వేషం వేసిన రోజు ఇంకో రకం సందడి. కోటు, బూట్లు, చేతిలో బెత్తం, చంకలో కాగితాల కట్ట. బాకీలు తీర్చనివాళ్ళ పేర్లు చదవడం మొదలుపెడితే మొదటి రెండిళ్ళవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. మూడో ఇంటికల్లా సంగతి తెలిసి నవ్వులు. నిన్న బైరాగిగా వచ్చినప్పుడు కుక్కను ఉసిగొల్పిన ఇంటాయనే ఇవాళ కుర్చీ వేశాడు. మనిషి అదే. మారింది కోటు. పిట్టలదొర ఇదే పనిని ఇంకొంచెం పెద్ద గొంతుతో చేసేవాడు. ఖాకీ కోటు, టోపీ, కట్టె తుపాకీ, నోటినిండా కోతలు. కట్టె తుపాకీ అని అందరికీ తెలుసు, అయినా పక్కకు తప్పుకునేవాళ్ళు కొందరుండేవాళ్ళు, ఖాకీ రంగుకు ఉన్న బలం అది.

ఊరి అనుమానం ఊరితోనే ఆగిపోయి ఉంటే కథ వేరుగా ఉండేది. దాన్ని చట్టం చేసి పుట్టుకకు అంటగట్టింది బ్రిటిష్ ప్రభుత్వం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, మొదట ఉత్తరాదిన. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి పాకింది, 1924లో మరోసారి క్రోడీకరించారు. ఎరుకల, దాసరి, యానాది, సుగాలీలలో కొన్ని వర్గాలను పుట్టు నేరస్తులుగా నమోదు చేశారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు పెట్టారు, ఊరు దాటాలంటే చీటీ కావాలన్నారు. నేరం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆ కులంలో పుడితే చాలు.

ఎరుకలవాళ్ళు అంతకుముందు ఏం చేసేవాళ్ళో వాళ్ళ శాఖల పేర్లే చెబుతాయి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. కోస్తా ఉప్పును ఎద్దులమీదా గాడిదలమీదా లోపలి ఊళ్ళకు మోసుకెళ్ళి, అక్కడి ధాన్యంతో తిరిగి రావడం ఉప్పు ఎరుకల వర్తకం. వెదురు దబ్బలతో బుట్టలల్లడం ఒకరి పని, మగ్గాలవాళ్ళకు కుంచెలు కట్టడం ఇంకొకరి పని. ఉప్పు తయారీ సర్కారు గుప్పిట్లోకి వెళ్ళడం, రైలు మార్గాలు పడి సరుకు బోగీల్లో పోవడం, ఈ రెండూ కలిసి ఆ వర్తకాన్ని చంపేశాయి. బరువు మోసే ఎద్దులు లేక, దారిలో పని లేక తిరిగేవాళ్ళనే తర్వాత "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని పట్టుకున్నారు. కారణం చేసినవాడే తప్పు పట్టాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటు, అంటే ఆ చట్టం కింద నమోదైనవాళ్ళను నిఘాలో ఉంచిన కాలనీ. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపిన సెటిల్‌మెంటు ఒకటుండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఆ చట్టాన్ని పరిశీలించడానికి అనంతశయనం అయ్యంగార్ కమిటీ వేశారు. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. సంచార, విముక్త జాతులవాళ్ళు ఇప్పటికీ ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. కాగితమ్మీద పేరు కొట్టేసినా నోళ్ళలో పోలేదు. స్టువర్టుపురం అని చెబితే ఉద్యోగం రాదని, అద్దెకు ఇల్లు దొరకదని, ఊరి పేరు మార్చి పక్క ఊరి పేరు చెప్పుకున్న తరాలు ఉన్నాయి. కవి జాషువా కుమార్తె హేమలత, భర్త లవణంతో కలిసి ఆ ఊళ్ళో ఏళ్ళతరబడి పనిచేసి, అక్కడివాళ్ళ జీవితాలు మారడానికి దారి చూపారు. ఇక 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు నియమావళుల్లో కులాన్నిబట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళను పుట్టుకనుబట్టి అలవాటు నేరగాళ్ళుగా చూడటం కుదరదని కూడా అప్పుడే చెప్పింది. అంటే 1952 తర్వాత డెబ్భై రెండేళ్ళపాటు ఆ మరక ఎక్కడో ఒక పుస్తకంలో బతికే ఉంది.

2018 వేసవిలో ఇదంతా ఒక్కసారి పైకి లేచింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో సందేశాలు. గొంతు మన యాసలోనే ఉంటుంది, "మన పక్క ఊళ్ళోనే" అంటుంది, తేదీ మాత్రం ఉండదు. మోటారు సైకిలు మీద వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్నట్టున్న ఒక వీడియో ఊరూరా తిరిగింది. అది కరాచీలో పిల్లల అపహరణల గురించి అవగాహన కోసం నటింపజేసి తీసింది. పిల్లవాణ్ణి తిరిగి దింపేసి హెచ్చరిక చూపించే చివరి ముక్క కోసేసి పంపారు. మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో నాథపంథీ దవరీ గోసావీలు అయిదుగురిని కొట్టి చంపారు. తరతరాలుగా జోలె పట్టి తిరిగే సంచార జాతి వాళ్ళది. వాళ్ళ బట్టలు చూసి వాళ్ళెవరో చెప్పగలిగినవాడు ఆ గుంపులో లేకపోయాడు, లేదా చెప్పినా వినిపించలేదు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో వచ్చిన సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఆ వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసింది గుర్తు పెట్టుకోదగ్గది. పోలీసులను ఊళ్ళకు పంపించి, డప్పులతో, జానపద పాటలతో, ఆ సందేశాలు అబద్ధమని చాటించారు. ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడే పోలీసు ఒకరు ప్రతి ఊరికీ ఉండేలా చూశారు. పాత మునసబు గడప చేసిన పనిలో మంచి సగం అది.

గుంపు ఎందుకు చంపుతుందో జరిగిన సంఘటనలు చూస్తే అర్థమవుతుంది. పదిమంది ఒకేసారి అడుగుతారు. జవాబు ముందు వరసకే వినిపిస్తుంది. వెనక వరసకు వినిపించేది అరుపు ఒక్కటే. భాష రాని మనిషి తడబడతాడు, తడబాటును దొంగతనం అనుకుంటారు. మతిస్థిమితం లేనివాడు అడిగిందొకటి చెప్పిందొకటి. చెవుడున్నవాడు అసలు పలకడు. కుక్క మొరిగితేనో, కర్ర ఎత్తితేనో పరుగు తీస్తాడు. పరిగెత్తినవాడు తప్పు చేసినవాడే అని గుంపు తీర్పు చెప్పేస్తుంది. సంచిలో పిల్లల బట్టలు దొరికితే, అవి ఇళ్ళవాళ్ళు పాత బట్టలుగా ఇచ్చినవని ఆలోచించే తీరిక అప్పుడెవరికీ ఉండదు.

పాత అరుగులవాళ్ళు దీనికి సరిగ్గా ఎదురు చేసేవాళ్ళు. ముందు కూర్చోబెట్టేవాళ్ళు, ఎందుకంటే కూర్చున్నవాడు పరిగెత్తడు, కూర్చున్నవాణ్ణి కొట్టడానికి చెయ్యి అంత సులువుగా లేవదు. మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు. ఒక్కరే అడిగేవాళ్ళు. గుంపు చేరుతుంటే పిల్లల్నీ కుర్రాళ్ళనీ "పనులు చూసుకోండి" అని పంపేసేవాళ్ళు. భాష రాకపోతే ఆ భాష వచ్చినవాడికి కబురు పంపేవాళ్ళు, లారీ నడిపేవాడో మిలిటరీలో చేసి వచ్చినవాడో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఇప్పుడైతే ఆ కబురు పంపే పని 112కి ఫోను చేయడమే. పోలీసులు వచ్చేదాకా ఆ మనిషిని గోడకు ఆనించి, నలుగురు నమ్మకమైనవాళ్ళు ముఖం జనంవైపు తిప్పి నిలబడాలి, అతనివైపు కాదు. ఫొటో తీసి పంపకూడదు. ఆ ఫొటో వెళ్ళిన చోటల్లా అతనికి నీడ దొరకదు, తర్వాత నిర్దోషి అని తేలినా ఆ ఫొటో వెనక్కి రాదు.

సంచార కుటుంబాలు కూడా తమ జాగ్రత్తలో తామున్నాయి. ఊళ్ళో దిగగానే సర్పంచికో, స్టేషనుకో చెప్పి వస్తున్నాయి. ఆధార్ కార్డులు జోలెలో బియ్యం కంటే భద్రంగా, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నారు. పిల్లల్ని వెంట తీసుకురావడం చాలామంది మానేశారు. చంకన సొంత బిడ్డ ఉన్నా "ఎవరి పిల్ల?" అని అడుగుతున్నారు కదా.

సంక్రాంతి నెలలో హరిదాసులు కొందరు ఇప్పుడు మోపెడ్ మీద వస్తున్నారు. అక్షయపాత్ర బండికి కట్టి, పాట స్పీకర్లో వేసి. వాళ్ళను చూసి "దొంగ హరిదాసు" అనేవాళ్ళు ఎక్కువయ్యారు. అలా అనేవాళ్ళు ఇంకొంచెం ఆలోచించాలని నా కోరిక. రాగిపాత్ర నెత్తిన మోస్తూ, ఒక చేత తంబుర, ఇంకో చేత చిడతలు పట్టుకుని, నెల రోజులపాటు మంచులో చెప్పుల్లేకుండా నడిచిన తరం మోకాళ్ళు అరిగిపోయాయి. ముందులా ఒక్క ఊరి గింజలతో ఇల్లు గడవదు, నాలుగైదు ఊళ్ళు తిరగాలి. నియమం బండిని గురించి కాదు. తిరుగుడు పూర్తయ్యేదాకా పాత్రను నేల మీద దించకూడదు, భిక్ష అడిగి పుచ్చుకోకూడదు, మధ్యలో లోకాభిరామాయణం మాట్లాడకూడదు. బండి మీద వచ్చినాయన పాత్రను దించుతున్నాడా లేదా చూడండి. పిల్లల చేత బియ్యం పోయించండి, ఎత్తు అందకపోతే ఆయనే బండి ఒంచుతాడు. పళ్ళెంలో బియ్యంతోపాటు చిల్లర వేస్తే అది పాత్రకు తగిలి మోగుతుంది, డబ్బు విడిగా చేతికివ్వడం మర్యాద.